గోడలు లేని ఇల్లు

డిసెంబరు దగ్గర పడిందంటే మన సంఘాల్లో చాలాచోట్ల బలిపీఠం ప్రక్కన పచ్చని కొమ్మలతో చుట్టిన చక్రం ఒకటి కనిపిస్తుంది. ఆగమన కాలపు నాలుగు ఆదివారాల్లో వారానికొకటి చొప్పున దాని మీద నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ చక్రం మొదట వెలిగింది ఏ పెద్ద దేవాలయంలోనో కాదు. దొంగలని ముద్ర పడిన పిల్లలు, తల్లిదండ్రులు చేతులెత్తేసిన పిల్లలు, కోపం వస్తే ఎవరి మాటా వినని పిల్లలు కలిసి బతికే ఒక ఇంట్లో అది వెలిగింది. 1839లో జర్మనీలోని హాంబర్గ్ నగరం శివార్లలో దానిని వ్రేలాడదీసినవాడు యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

దానికి కారణం ఉంది. మనసు గాయపడి, ప్రవర్తన అదుపు తప్పిన పిల్లలను కొంతకాలం ఇంటికి దూరంగా ఒకచోట ఉంచి బాగుచేయడం ఈనాడు మానసిక వైద్యంలో ఒక భాగం. కన్నబిడ్డను అలాంటి చోటికి పంపవలసి వచ్చిన తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోరు. అబ్బాయి హాస్టల్లో ఉన్నాడంటారు, అమ్మాయి అమ్మమ్మగారింట్లో ఉందంటారు. చెబితే సంఘం ఏమంటుందోనని భయం. ప్రార్థన చాలలేదని ఒకరంటారు, పెంపకం బాగాలేదని మరొకరంటారు, దయ్యం పట్టిందని ఇంకొకరంటారు. అలాంటి పిల్లల మధ్య జీవితం గడిపిన ఒక దైవసేవకుడు వాళ్ళను ఎలా చేర్చుకున్నాడో తెలిస్తే, మనం ఆ తల్లిదండ్రులతో మాట్లాడే తీరు మారుతుందని నా ఆశ.

విఖెర్న్ 1808 ఏప్రిల్ 21న హాంబర్గ్‌లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి స్వయంకృషితో పైకి వచ్చి నోటరీగా, అనువాదకుడిగా పనిచేసిన మనిషి. 1823లో ఆ తండ్రి చనిపోయేనాటికి విఖెర్న్‌కు 15 ఏళ్ళు. ఆస్తి లేదు. తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళ భారం ఆ వయసులోనే అతని భుజాల మీద పడింది. ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పాడు. తన చదువు సాగిస్తూనే ఒక ప్రైవేటు బోర్డింగు బడిలో పనిచేశాడు. తండ్రి లేని ఇల్లు ఎలా ఉంటుందో, డబ్బు లేని బాల్యం ఎలా గడుస్తుందో ఆయనకు పుస్తకాలు నేర్పనక్కరలేదు.

తరువాత కొందరు విశ్వాసుల ధనసహాయంతో గోటింగెన్‌లో, బెర్లిన్‌లో వేదాంతశాస్త్రం చదివాడు. 1831లో హాంబర్గ్‌కు తిరిగి వచ్చి, మరుసటి ఏడు పరీక్ష పూర్తి చేశాడు. అంత చదువు చదివినవాడు ఏదో ఒక మంచి సంఘానికి పాస్టరుగా వెళతాడని అందరూ అనుకుంటారు. ఆయన వెళ్ళింది సాంక్ట్ గియోర్గ్ అనే పేద పేటకు. అక్కడ రౌటెన్‌బెర్గ్ అనే పాస్టరు నడుపుతున్న సండే స్కూలులో ఉపాధ్యాయుడిగా చేరాడు.

ఆ సండే స్కూలు వారు ఒక మంచి పద్ధతి పెట్టుకున్నారు. ఆదివారం పాఠం చెప్పి ఊరుకోకుండా పిల్లల ఇళ్ళకు వెళ్ళేవారు. విఖెర్న్ కూడా వెళ్ళాడు. నేలమాళిగల్లో, తడి గోడల మధ్య, ఒకే గదిలో కిక్కిరిసిన కుటుంబాలను చూశాడు. తాగుడు, ఆకలి, రోగం, కొట్లాటలు చూశాడు. చూసినదంతా ఇల్లిల్లుగా, పేరుపేరునా వ్రాసి పెట్టుకున్నాడు. ఆ వ్రాతల్లోంచి ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. వారానికి ఒక గంట వాక్యం చెప్పి, మిగిలిన రోజులన్నీ ఆ పిల్లవాణ్ణి అదే నరకంలో వదిలిపెడితే ఆ గంట నిలవదు. కొందరు పిల్లలకు పాఠం చాలదు, ఇల్లు కావాలి.

ఆ కాలంలో చెడిపోయారని పేరు పడిన పిల్లలకు రెండే దారులుండేవి. వీధి, లేదా జైలు. జైలులోనో, నిర్బంధ శ్రమశాలలోనో పెద్ద నేరస్తుల ప్రక్కన పెరిగిన పిల్లవాడు ఏమి నేర్చుకుని బయటికి వస్తాడో చెప్పనక్కరలేదు. జర్మన్ దేశంలో అనాథ పిల్లల కోసం అంతకుముందే కొందరు భక్తులు పాటుపడ్డారు. హాలెలో ఫ్రాంకె, వైమార్‌లో యోహానెస్ ఫాల్క్ చేసిన పని విఖెర్న్‌కు తెలుసు. హాంబర్గ్‌కు కూడా అలాంటి ఇల్లు ఒకటి కావాలని మిత్రులను కలుపుకున్నాడు. 1833 సెప్టెంబరు 12న నగర ప్రముఖుల బహిరంగ సభలో తన ఆలోచనను వివరించాడు. అప్పటికి ఆయన వయసు 25. కార్ల్ జీవెకింగ్ అనే నగర పెద్ద హోర్న్ గ్రామంలో ఉన్న తన పాత ఇంటిని ఇచ్చాడు. గడ్డి కప్పు వేసిన చిన్న ఇల్లు. జనం వాడుకలో దాని పేరు రౌహెస్ హౌస్, అంటే గరుకు ఇల్లు.

ఆ శరదృతువు చివర్లో విఖెర్న్ తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకుని ఆ ఇంట్లోకి మారాడు. ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఆయన సంస్థ పెట్టి, అక్కడికి ఉద్యోగులను పంపి, సాయంత్రానికి తన ఇంటికి తాను వెళ్ళలేదు. తన తల్లినే ఆ పిల్లల మధ్యకు తీసుకువెళ్ళాడు. నవంబరులో మొదటి అబ్బాయిలు వచ్చారు. సంవత్సరం ముగిసేసరికి 12 మంది అయ్యారు. చిన్నచిన్న వయసుల్లోనే పోలీసు పుస్తకాల్లోకి ఎక్కినవారు వారిలో ఉన్నారు. తండ్రి ఎవరో తెలియనివారు, తాగుబోతుల ఇళ్ళనుండి వచ్చినవారు, అబద్ధం తప్ప మరో రక్షణ తెలియనివారు ఉన్నారు.

అలాంటి పిల్లవాడు గడపలో అడుగుపెట్టగానే విఖెర్న్ ఏమి చేసేవాడన్నదే ఆయన జీవితానికి కేంద్రం. మొట్టమొదట క్షమాపణ ప్రకటించేవాడు. ఇంతవరకు జరిగినదంతా క్షమించబడిందని, ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ దాన్ని ఎత్తరని ఆ పిల్లవాడికి చెప్పేవాడు. ఈ ఇంటికి గోడలు లేవని, గడియలు లేవని, ఇక్కడ కట్టిపడేసేది ప్రేమ ఒక్కటేనని తెలియజేసేవాడు. పిల్లవాడు మారాక క్షమించడం కాదు. క్షమించబడ్డాడు గనుక మారగలడని ఆయన నమ్మకం. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో తండ్రి చేసింది అదే కదా. కొడుకు తాను సిద్ధం చేసుకున్న మాటలు పూర్తి చేయకముందే అతని మెడ మీద పడ్డాడు. మనం ఆ ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. విఖెర్న్ దానిని ఒక ఇంటికి నియమావళిగా చేశాడు.

గోడలు లేవన్నది ఊరికే అన్న మాట కాదు. ఆ స్థలం చుట్టూ ఉన్న మట్టికట్టను తీసివేసే పనిని మొదట వచ్చిన పిల్లల చేతుల మీదుగానే చేయించాడు. పారిపోయే అలవాటున్న పిల్లల చేతికే పార ఇచ్చి అడ్డుకట్టను తీయించడం ఎంత సాహసమో ఊహించండి. పారిపోయినవాళ్ళు లేకపోలేదు. వెళ్ళినవాణ్ణి వెదికి తెచ్చుకునేవారు. న్యాయస్థానం శిక్ష వేసి పంపే చోటుగా ఆ ఇంటిని మార్చడానికి విఖెర్న్ ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఇష్టపడి అప్పగించిన పిల్లలనే చేర్చుకునేవాడు. జైలుకు మరో పేరు పెట్టడం ఆయన ఉద్దేశం కాదు.

పిల్లలు ఎక్కువయ్యే కొద్దీ ఆయన ముందు ఒక ప్రశ్న నిలిచింది. పెద్ద భవనం కట్టి అందరినీ ఒకే హాలులో పడుకోబెట్టవచ్చు. ఖర్చు తక్కువ, కాపలా సులువు. ఆయన అలా చేయలేదు. సుమారు 12 మంది పిల్లలకు ఒక చిన్న ఇల్లు చొప్పున కట్టించాడు. అలాంటి మొదటి ఇల్లు 1834లో లేచింది. దాని నిర్మాణంలో పిల్లలు కూడా చెయ్యి వేశారు. ప్రతి ఇంటికీ ఒక సహాయకుడు. అతణ్ణి సహోదరుడు అనేవారు. అతడు పిల్లలతోనే తినేవాడు, వాళ్ళతోనే పనిచేసేవాడు, వాళ్ళ దగ్గరే నిద్రపోయేవాడు. ఆ చిన్న గుంపును కుటుంబం అనే పిలిచేవారు. తరువాత బాలికలకు కూడా అక్కడ చోటు ఏర్పడింది.

1835లో విఖెర్న్ అమాండా బోమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కూడా సండే స్కూలులో పాఠాలు చెప్పినామే. వారికి తొమ్మిది మంది పిల్లలు. వారంతా ఆ ఆవరణలోనే పెరిగారు. కూతురు కరోలినె తరువాతి కాలంలో సంగీత ఉపాధ్యాయినిగా, స్వరకర్తగా పేరు తెచ్చుకుంది. విఖెర్న్ దూర ప్రయాణాల్లో ఉన్న ఎన్నో నెలలు ఇంటి భారాన్ని మోసింది అమాండాయే. సేవకుల జీవిత చరిత్రల్లో భార్యల పేర్లు ఒక వాక్యంతో సరిపెట్టడం మనకు అలవాటు. ఆ ఇల్లు నిలబడిందంటే అందులో ఆమె వంతు చిన్నది కాదు.

రోజులో పనికి ఒక సమయం, చదువుకు ఒక సమయం, ఆటకు ఒక సమయం, ప్రార్థనకు ఒక సమయం ఉండేవి. వడ్రంగం, చెప్పుల పని, బట్టలు కుట్టడం, తోటపని నేర్పేవారు. తరువాత అచ్చుయంత్రం కూడా వచ్చింది. పాటలకు ఆ ఇంట్లో గొప్ప స్థానం. పండుగలను విఖెర్న్ ఎంతో శ్రద్ధగా జరిపించేవాడు. సంతోషంగా గడిచిన రోజు ఒక్కటి కూడా గుర్తులేని పిల్లలకు సంతోషం కూడా మందేనని ఆయనకు తెలుసు. క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు అదేపనిగా అడుగుతుంటే ఒక చక్రం తీసుకుని, మామూలు రోజులకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి అమర్చి, రోజుకొకటి వెలిగించాడు. ఎదురుచూడడం అంటే ఏమిటో, మాట ఇచ్చినవాడు తప్పడంటే ఏమిటో ఆ పిల్లలు వెలుగు పెరగడంలో చూశారు.

ప్రతి బిడ్డను గురించి వివరంగా వ్రాసిపెట్టే అలవాటు కూడా విఖెర్న్‌కు ఉండేది. ఎక్కడినుండి వచ్చాడు, ఇంటి పరిస్థితి ఏమిటి, ఎలా మారుతున్నాడు, అన్నీ నమోదయ్యేవి. కన్నవారితో సంబంధం తెంచేవాడు కాదు. బయటికి వెళ్ళే వయసు వచ్చినప్పుడు మంచి పనివారి దగ్గర పని నేర్చుకోవడానికి కుదిర్చి, ఆ తరువాత కూడా కనిపెట్టి చూసేవాడు. మానసిక వైద్యం అనే మాట ఆనాడు ఆ ఇంట్లో లేదు. పిల్లల మనసుకు వచ్చే జబ్బులకు అప్పటికి పేర్లే సరిగా లేవు. అయినా చిన్న గుంపులు, మారని మనిషి తోడు, వ్రాతపూర్వకమైన గమనిక, కుటుంబంతో సంబంధం, బయటికి పంపాక కూడా తోడు అన్న అయిదు సంగతులనూ ఇలాంటి చికిత్సా కేంద్రాల్లో నేటి నిపుణులు కూడా ముఖ్యమనే అంటారు.

విఖెర్న్ దగ్గర మనం నేర్చుకోవలసిన మరో సంగతి ఉంది. మంచి మనసు ఉంటే చాలని ఆయన అనుకోలేదు. గాయపడిన పిల్లలతో రాత్రింబగళ్ళు గడపడానికి తర్ఫీదు కావాలి. అందుకే పిల్లల ఇంటి ప్రక్కనే సహాయకులకు శిక్షణ ఇచ్చే సంస్థను ఏర్పరచాడు. యువకులు వచ్చి కొన్నేళ్ళు అక్కడే ఉండి, పిల్లలతో పనిచేస్తూ, చదువుకుంటూ తయారయ్యేవారు. తరువాత వారిని జర్మనీ అంతటా ఉన్న అనాథాలయాలకు, వసతిగృహాలకు, జైళ్ళకు పంపేవాడు. ప్రొటెస్టెంటు సంఘాల్లో పురుష డీకన్ల పరిచర్య కొత్తగా చిగురించింది ఇక్కడే.

ఆ ఇంటి పేరు దేశాలు దాటింది. ఫ్రాన్సులో మెత్రే అనేచోట బాలుర కాలనీ స్థాపించిన దెమెత్స్ దీనిని చూసి కుటుంబ పద్ధతిని తీసుకున్నాడు. అమెరికా విద్యావేత్త హొరేస్ మన్ 1843లో వచ్చి చూసి, తన నివేదికలో ఎంతో మెచ్చుకుంటూ వ్రాశాడు.

1848 జర్మనీకి అల్లకల్లోలమైన సంవత్సరం. ఎగువ సైలీసియాలో టైఫస్ జ్వరం ప్రబలి వేలాది పిల్లలు అనాథలయ్యారు. విఖెర్న్ తన సహోదరులతో అక్కడికి వెళ్ళాడు. అదే ఏడు సెప్టెంబరులో విట్టెన్‌బెర్గ్‌లో ప్రొటెస్టెంటు సంఘాల నాయకులు సమావేశమయ్యారు. అక్కడ ఆయన ముందుగా వ్రాసుకోకుండా చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోయింది. దూరదేశాలకు మిషనరీలను పంపే సంఘం తన వీధిలో నశిస్తున్నవారిని చూడాలని, విశ్వాసం ఎంత అవసరమో ప్రేమ కూడా సంఘానికి అంతే అవసరమని ఆయన వాదించాడు. దాని ఫలంగా స్వదేశ పరిచర్యకు ఒక కేంద్ర సంఘం ఏర్పడింది. నేటి జర్మన్ ప్రొటెస్టెంటు సంఘాల సేవాసంస్థ డియాకొనీకి వేళ్ళు అక్కడే ఉన్నాయి.

భక్తుల జీవితాలు వ్రాసేటప్పుడు మచ్చలు దాచడం మంచిది కాదు. 1857లో ప్రష్యా ప్రభుత్వం జైళ్ళ సంస్కరణ కోసం విఖెర్న్‌ను బెర్లిన్‌కు పిలిచింది. మోఆబిట్ జైలులో ఆయన సహోదరులే కాపలాదారులయ్యారు. అక్కడ ప్రతి ఖైదీకి ఒక ఒంటరి గది. చెడు సహవాసం తప్పుతుందని, పాస్టరు ఒంటరిగా మాట్లాడగలడని విఖెర్న్ ఆ పద్ధతిని సమర్థించాడు. పిల్లల చుట్టూ ఉన్న కట్టను తీయించిన మనిషి పెద్దల చుట్టూ గోడలను మెచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి ఒంటరితనం మనసును ఎలా కృంగదీస్తుందో ఆయన సరిగా తూచలేదు. చట్టసభలోనూ బయటా తీవ్రమైన విమర్శలు వచ్చాయి. పేదరికానికి అవిశ్వాసమే పెద్ద కారణమని ఎక్కువగా చెప్పి, కూలి రేట్ల గురించి, కార్ఖానాల గురించి తక్కువగా మాట్లాడాడన్న విమర్శ కూడా ఉంది. దేవుడు వాడుకున్న మనిషి ప్రతి విషయంలోనూ సరిగా ఉంటాడని బైబిలు మనకు ఎక్కడా చెప్పలేదు. దావీదు కథ చదివినవారికి ఇది కొత్త కాదు.

1866లో ఆయనకు పక్షవాతం వచ్చింది. తరువాత మరిన్ని దెబ్బలు తగిలాయి. వేలమందికి మాట్లాడిన నోరు, ఎప్పుడూ ప్రయాణంలో ఉన్న కాళ్ళు నెమ్మదించాయి. ఆయన కుమారుడు యోహానెస్ ఆ ఇంటి బాధ్యత తీసుకున్నాడు. చివరి సంవత్సరాలు దీర్ఘ రోగంలో, ఇతరుల చేతుల మీద ఆధారపడి గడిచాయి. 1881 ఏప్రిల్ 7న విఖెర్న్ హాంబర్గ్‌లో ప్రభువు నందు నిద్రించాడు. 1943 నాటి బాంబు దాడుల్లో ఆ ఆవరణలో చాలా కట్టడాలు బూడిదయ్యాయి. అయినా పని ఆగలేదు. రౌహెస్ హౌస్ నేటికీ హాంబర్గ్‌లో పిల్లలకు, యౌవనులకు, మానసిక రోగులకు, వృద్ధులకు సేవ చేస్తూనే ఉంది.

ఇక మన సంగతి. తెలుగు సంఘాలకు వసతిగృహాలు కొత్త కాదు. మిషను బోర్డింగుల్లో అన్నం తిని, చదువుకుని, రక్షణ పొంది వచ్చిన తరాలు మన మధ్య ఉన్నాయి. అయితే మనసు జబ్బుపడిన బిడ్డకు కావలసింది బోర్డింగు కాదు, చికిత్స. ఈ తేడా తెలియకపోతే మంచి ఉద్దేశంతోనే హాని చేస్తాం. మానసిక రుగ్మతల్లో మూడింట ఒక వంతు 14 ఏళ్ళ లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మన సండే స్కూలు బల్లల మీదే మొదలవుతున్నాయి.

మన దేశంలో చట్టం కూడా ఈ విషయంలో కొన్ని హద్దులు గీసింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థల్లో పెట్టడం చివరి మార్గం కావాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను ఆసుపత్రిలో చేర్చుకుంటే పెద్దల వార్డులో కలపకూడదు, తల్లో తండ్రో సంరక్షకులో తోడుండాలి. ప్రార్థనతో నయం చేస్తామని చెప్పి పిల్లలను గదిలో పెట్టి తాళం వేసే చోటు, కట్టివేసే చోటు, తల్లిదండ్రులను చూడనివ్వని చోటు ఏ పేరుతో ఉన్నా అక్కడికి పంపకండి. గడప దాటగానే క్షమాపణ వినిపించిన ఆ ఇంటికి, భయం వినిపించే ఇలాంటి చోటుకు ఏ సంబంధమూ లేదు. ఎక్కడ అడగాలో తెలియని తల్లిదండ్రులకు ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ సంఘపు నోటీసు బోర్డు మీద పెట్టండి.

చికిత్స ముగిసి ఆ బిడ్డ తిరిగి వచ్చినప్పుడు సంఘం చేయవలసిన పని మొదలవుతుంది. ఎక్కడికి వెళ్ళావని గుచ్చి అడగకండి. యౌవనస్థుల కూటంలో అతని స్థానం అతనికి ఉంచండి. గాయకబృందంలో ఆ అమ్మాయి కుర్చీ ఖాళీగానే ఉంచండి. ఆ తల్లిదండ్రులను ఒకసారి భోజనానికి పిలవండి. ఏమి జరిగిందో వారు చెబితే వినండి, చెప్పకపోతే అన్నం పెట్టండి. వైద్యులు చేయవలసింది వైద్యులు చేస్తారు. జరిగినదాన్ని ఇక ఎత్తకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది. దానికి భవనం అక్కరలేదు, నిధులు అక్కరలేదు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.